విడాకులప్పుడు జాయింట్ హోమ్ లోన్‌లోంచి భర్త పేరు తీయించాలంటే మొత్తం ఖర్చు ఎంత? (చెన్నై)

పెరుంగుడి_అమ్మాయి

అందరికీ నమస్తే. మాది నెల్లూరు వైపు, ఉద్యోగాల కోసం వచ్చి చెన్నైలోనే స్థిరపడ్డాం. 2018లో ఓఎంఆర్ పక్కన ఒక ఫ్లాట్ కొన్నాం, 62 లక్షలు. అందులో 50 లక్షలు లోన్, ఇరవై ఏళ్ళకి. డాక్యుమెంటులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, లోన్‌లోనూ ఇద్దరం ఉన్నాం. ఏడాది దాటింది, విడిగానే ఉంటున్నాం. మ్యూచువల్ కన్సెంట్ విడాకులకి ఇద్దరం ఒప్పుకున్నాం, గొడవలేమీ లేవు. ఇల్లు నేనే ఉంచుకుంటాను, ఆయన వాటా కింద 15 లక్షలు ఇస్తానన్నాను, ఆయనా సరేనన్నారు. లోన్ ఇంకా 38 లక్షలుంది. ఇప్పుడు అమ్మితే 84 దాకా వస్తుందని పక్క బ్లాకు వాళ్ళు చెప్తున్నారు. గవర్నమెంట్ లెక్క (గైడ్‌లైన్ విలువ) ప్రకారం మాత్రం 60 దగ్గరే.

బ్యాంకుకి వెళ్ళి అడిగితే కౌంటర్‌లో కూర్చున్నాయన "డిక్రీ తీసుకురండమ్మా, చూద్దాం" అని పంపించేశాడు. లాయర్‌ని అడిగితే "బ్యాంకు సంగతి బ్యాంకులోనే తేల్చుకోండి" అంటారు. డాక్యుమెంట్ రైటర్‌ని అడిగితే ఆయన ఇంకో లెక్క చెప్తాడు. నాన్నగారు రిటైర్డ్ టీచరు, రోజూ ఫోన్ చేసి "ఎంతవుతుందమ్మా" అంటుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. పేరు తీయించడానికి మొత్తం మీద ఎంత పెట్టుకోవాలి, ఏది ముందు, ఏది వెనక? ఎవరైనా ఇక్కడ చేయించుకున్నవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

టీనగర్ రాజు

ఎందుకండీ ఇంత టెన్షన్. డిక్రీలో "ఇకనుంచి ఈఎంఐ భార్యే కట్టాలి" అని రాయించేసుకోండి, అయిపోయింది. పేర్లు ఉంటే ఉంటాయి. మా ఫ్రెండ్ ఒకడు అలాగే లాగించేస్తున్నాడు, బ్యాంకు ఏమీ అడగలేదు.

పాత లోన్ ఆఫీసర్

రాజు గారూ, మీ ఫ్రెండ్ ఈఎంఐ సరిగ్గా కడుతున్నాడు కాబట్టి అడగలేదు. ఒక్క నెల తప్పితే అప్పుడు తెలుస్తుంది. కోర్టు డిక్రీ భార్యాభర్తల మధ్య చెల్లుతుంది కానీ బ్యాంకు ఆ కేసులో పార్టీ కాదు. లోన్ అగ్రిమెంటులో ఇద్దరూ సంతకం పెట్టారు, మొత్తం బాకీకి ఇద్దరిలో ఎవరినైనా పట్టుకోవచ్చు. ఇద్దరి సిబిల్‌లోనూ (అప్పుల చరిత్ర రికార్డు) ఆ 38 లక్షలు కనిపిస్తూనే ఉంటాయి. రేపు ఆయన ఇంకో ఇల్లు కొనుక్కుందామని వెళ్తే ఈ ఈఎంఐ కూడా ఆయన నెత్తిమీదే లెక్కేస్తారు. బ్యాంకుకి మీ పెళ్ళితో పనిలేదు, సంతకంతోనే పని.

అమ్మా, నేను ఒక ప్రైవేటు బ్యాంకులో హోమ్ లోన్ల పని చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. మీ దగ్గర కలిసిపోయిన విషయాలు రెండున్నాయి. ఫ్లాటు డాక్యుమెంటులో ఆయన పేరు ఒకటి, లోన్‌లో ఆయన పేరు ఇంకొకటి. మొదటిది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేలేది, రెండోది బ్యాంకులో తేలేది. ఒకటి తీస్తే ఇంకోటి దానంతట అది పోదు.

లోన్‌లోంచి పేరు "తీసెయ్యడం" అనే బటన్ ఏ బ్యాంకులోనూ లేదు. ఇద్దరి జీతాలూ చూసి ఇచ్చిన అప్పు ఇప్పుడు ఒక్కరి జీతం మీద నిలబడుతుందా అని మళ్ళీ మొదటినుంచీ చూస్తారు. కొత్తగా అప్లై చేసినట్టే: జీతం స్లిప్పులు, ఫారం 16, సిబిల్, లీగల్, వాల్యుయేషన్ అన్నీ. నిలబడితే కొత్త అగ్రిమెంటు రాయించుకుంటారు, లేదా మీ ఒక్కరి పేరున కొత్త లోన్ ఇచ్చి పాతది మూసేస్తారు. నిలబడకపోతే డిక్రీ తెచ్చినా, సుప్రీంకోర్టు ఆర్డరే తెచ్చినా "సారీ మేడమ్".

అందుకే ముందు మీ చేతికొచ్చే జీతం ఎంతో, వేరే ఈఎంఐలేమున్నాయో చెప్పండి.

పెరుంగుడి_అమ్మాయి

థాంక్స్ అండీ. చేతికి 95 వేలు వస్తుంది. కారు లోన్ ఈఎంఐ 7 వేలు. ఆయనకిచ్చే 15 లక్షలు కూడా లోన్‌లోనే కలిపేసుకుందాం అనుకున్నాను, అంటే మొత్తం 53.

పాత లోన్ ఆఫీసర్

అక్కడే వస్తుంది చిక్కు. వడ్డీ 8.5 శాతం అనుకుందాం, మీకు ఇంకా తక్కువకి రావచ్చు. 53 లక్షలకి ఇరవై ఏళ్ళయితే ఈఎంఐ దాదాపు 46 వేలు. అన్ని ఈఎంఐలూ కలిపి జీతంలో సగం దాటకూడదు అనేది చాలా చోట్ల చూసే కొలత, కొందరు కాస్త అటూ ఇటూ పోతారు. మీ సగం 47,500. కారు తీసేస్తే మిగిలేది 40,500. అంటే 53 నిలబడదు. ఒట్టి 38 లక్షలే అయితే ఇరవై ఏళ్ళకి 33 వేలు, పదిహేనేళ్ళకి 37,400. హాయిగా సరిపోతుంది. ఇంటి విలువ మీద ఇచ్చే పరిమితి గురించి మీకు బెంగ అక్కర్లేదు, 30 నుంచి 75 లక్షల లోన్లకి విలువలో 80 శాతం వరకూ రిజర్వ్ బ్యాంకు అనుమతిస్తుంది, మీ 84 లక్షల ఇంటికి 53 ఎక్కువేం కాదు. మీకు అడ్డం జీతమే.

కాబట్టి ఆ 15లో పెద్ద భాగం మీ చేతినుంచో పీఎఫ్‌లోంచో రావాలి, లేదా కారు లోన్ ముందే మూసెయ్యాలి. నాన్నగారిని కో-అప్లికెంట్‌గా పెడదామా అని మీరు అడుగుతారేమో, పెన్షన్ ఉన్నా వయసు బట్టి లోన్ గడువు కుదించేస్తారు, ఈఎంఐ పెరుగుతుంది తప్ప లాభం ఉండదు. ఉద్యోగంలో ఉన్న తమ్ముడో అన్నో ఉంటే అది వేరే సంగతి.

బ్యాంకు వైపు ఖర్చులు: ప్రాసెసింగ్ ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అడిగితే తగ్గిస్తారు, పండగ ఆఫర్లలో మాఫీ కూడా చేస్తారు, సిగ్గుపడకుండా బేరమాడండి. లీగల్, వాల్యుయేషన్ కొన్ని వేలు. సెర్సాయ్ (తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ) నమోదుకి 5 లక్షలు దాటిన లోన్‌కి వంద రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇవన్నీ చిల్లర. అసలు తగిలేది కొత్త ఎంఓడీటీ, అంటే తాకట్టు పత్రం. కొత్త లోన్ అంటే డాక్యుమెంట్లు మళ్ళీ తాకట్టు పెట్టినట్టు రాయాలి. తమిళనాడులో దానికి లోన్ మొత్తంలో అర శాతం స్టాంపు డ్యూటీ, గరిష్ఠం 30 వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, గరిష్ఠం 6 వేలు. 38 లక్షలకి 19 వేలు ప్లస్ 6 వేలు, 25 వేలు. పాత ఎంఓడీటీకి రసీదు రాయించి రిజిస్టర్ చేయించడం మర్చిపోకండి, లేకపోతే ఈసీలో (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) పాత తాకట్టు అలాగే కూర్చుంటుంది.

వేరే బ్యాంకుకి మార్చుకుంటే పాత బ్యాంకు "ముందే మూసేస్తున్నారు కాబట్టి పెనాల్టీ" అంటే ఒప్పుకోకండి. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్లకి అది 2012 నుంచే లేదు. పూర్తిగా తీరిపోయాక ఒరిజినల్స్ 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ళవల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు మీకే కట్టాలి.

కడపక్క

చెల్లీ, నేను ఈ దారిలోనే నడిచి బయటపడ్డదాన్ని. వేలచ్చేరిలో మాది. పైన అన్న చెప్పింది బ్యాంకు సంగతి, నేను రిజిస్ట్రేషన్ సంగతి చెప్తా, ఎందుకంటే అసలు డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే.

ఆయన తన సగం నీకు వదిలేస్తున్నట్టు రిలీజ్ డీడ్ రాయాలి. తమిళనాడులో కుటుంబ సభ్యుల మధ్య రిలీజ్‌కి 1 శాతం స్టాంపు డ్యూటీ, గరిష్ఠం 40 వేలు. రిజిస్ట్రేషన్ 1 శాతం, గరిష్ఠం 10 వేలు. 2023 జులైకి ముందు ఇవి 25 వేలు, 4 వేలు ఉండేవి, పెంచేశారు. నీ గైడ్‌లైన్ విలువ 60 అంటే ఆయన సగం 30 లక్షలు. డ్యూటీ 30 వేలు, ఫీజు 10 వేలు, కలిపి 40 వేలతో పని అయిపోతుంది.

ఇప్పుడు బాగా విను. భార్యాభర్తలు అంటే కుటుంబం. డిక్రీ వచ్చిన మరునాడు మీరిద్దరూ కుటుంబం కాదు. అప్పుడు అదే పని సేల్ డీడ్‌గా చేయించాలంటే ఇక్కడ 9 శాతం, 30 లక్షల మీద 2 లక్షల 70 వేలు. బ్యాంకు కౌంటర్‌లో ఆయన "డిక్రీ తీసుకురండి" అన్నాడే, ఆ మాట విని వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఈ గుంటలో పడ్డారో నాకు తెలుసు. మా లాయర్ మేడమ్ ముందే చెప్పబట్టి నాకు తప్పింది.

ఇంకోటి. రిజిస్ట్రార్ ఆఫీసుకి పోయేముందు బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లెటరు) కావాలి, ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా. ఆ ఎన్ఓసీ ఇవ్వాలంటే నీ ఒక్కదాని జీతం మీద లోన్ నిలబడుతుందని వాళ్ళు తేల్చుకోవాలి. నాకు ఇందులోనే నెలలు పోయాయి, బ్రాంచ్ వాళ్ళు రీజనల్ ఆఫీసు అంటారు, వాళ్ళు లీగల్ సెల్ అంటారు. ఫోన్‌లో అడగొద్దు, ఈమెయిల్ పెట్టు, జవాబు రాతలో తీసుకో.

పారిస్ కార్నర్ వకీలు

కడపక్క గారు చెప్పిన క్రమం సరైనదే. కొంచెం లోతుగా చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మ్యూచువల్ కన్సెంట్‌లో రెండు మోషన్లుంటాయి, అంటే కోర్టుని రెండుసార్లు అడగాలి. మొదటి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి, పద్దెనిమిది నెలల్లోపు రెండోది. ఆ ఆరు నెలలూ తప్పనిసరి కాదు, కేసును బట్టి కోర్టు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, మీరు ఏడాదికి పైగా విడిగా ఉన్నారు, అన్నీ సెటిలయ్యాయి కాబట్టి అడగొచ్చు. కానీ మీకు ఆ వ్యవధి పనికొస్తుంది. తొందరపడి మాఫీ అడక్కండి. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య మీరిద్దరూ చట్టం దృష్టిలో ఇంకా భార్యాభర్తలే. రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించుకోవడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

ఆయన వైపునుంచి ఒక భయం ఉంటుంది, న్యాయమైనదే. డిక్రీ వచ్చేవరకూ ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు కదా, నేను వాటా రాసిచ్చేశాక ఈవిడ రెండో మోషన్‌కి రాకపోతే? అలాగే మీకు భయం, డబ్బు ముందిచ్చేస్తే ఆయన సంతకం పెట్టకపోతే? మేం మామూలుగా ఇలా చేస్తాం: ఎంఓయూలో (ఇద్దరి మధ్య ఒప్పంద పత్రం) అన్నీ రాసి, రిజిస్ట్రేషన్ రోజున ఒక డీడీ, మిగతా మొత్తానికి ఇంకో డీడీ రెండో మోషన్ రోజు ఫ్యామిలీ కోర్టులో జడ్జి ముందు చేతికివ్వడం. హైకోర్టు ఆవరణలోని ఫ్యామిలీ కోర్టుల్లో ఇది రోజూ చూసేదే.

రెండో దారి ఒకటుంది. ఫ్లాటును పిటిషన్‌లోనే షెడ్యూలుతో (ఆస్తి వివరాలతో) సహా చేర్చి, భర్త వాటా భార్యకి చెందుతుందని సెటిల్‌మెంట్ రాసి, దాని ప్రకారమే డిక్రీ తీసుకోవడం. కేసులో ఉన్న ఆస్తికి సంబంధించిన రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ముంబైలో విడిపోయిన ఒక జంట ఫ్లాట్ విషయంలో సుప్రీంకోర్టు భార్యకి స్టాంపు డ్యూటీ అక్కర్లేదని చెప్పింది కూడా. అయితే షెడ్యూలు లేకుండా "ఇల్లు భార్య తీసుకుంటుంది" అని ఒక్క లైను రాసిన డిక్రీలు నా టేబుల్ మీదకి చాలా వస్తుంటాయి, వాటితో ఈ మినహాయింపు అడగడం కష్టం. డోర్ నంబరు, యూడీఎస్ (నేలలో ఫ్లాటుకి వచ్చే వాటా) ఎంత, సర్వే నంబరు, పాత డాక్యుమెంటు నంబరు, అన్నీ ఉండాలి. ఈ దారిలో వెళ్ళినా సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఎక్కించుకోండి, ఈసీలో కనబడితేనే కొత్త బ్యాంకు నమ్ముతుంది.

మీ కేసులో 40 వేలతో తేలిపోయే రిలీజ్ డీడ్ ఉండగా రెండో దారి ఎందుకు అని నా అభిప్రాయం. ఆ 40 వేలు ఆదా చేయబోయి, తర్వాత అమ్మేటప్పుడు కొనేవాడి లాయర్‌కి ఒక్కో పేజీ వివరించాల్సి వస్తుంది.

టీనగర్ రాజు

సరే సార్, నా మాట వెనక్కి తీసుకుంటున్నా 😀 ఒక డౌటు. 15 లక్షలు తీసుకున్నందుకు ఆయనకి ట్యాక్స్ పడదా?

పారిస్ కార్నర్ వకీలు

పడే అవకాశం ఉంది, ఆడిటర్‌ని అడగాలి. ఊరికే ఇస్తే గిఫ్టు, డబ్బు తీసుకుంటే అది వాటా అమ్మినట్టే, మూలధన లాభం లెక్క వస్తుంది. ఆయన్ని సగం అప్పులోంచి కూడా విడిపిస్తున్నారు కాబట్టి 15కి 19 కలిపి 34 లక్షలకి ఇచ్చినట్టు చూసే అవకాశం ఉంది. ఆయన సగం కొన్నది 31కి. లాభం 3 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధర పెంచి) 20 శాతం లెక్క ఎంచుకుంటే ఆ లాభం కూడా మిగలదు. కొనేవాళ్ళు పట్టి కట్టే టీడీఎస్ 1 శాతం 50 లక్షలు దాటితేనే కాబట్టి మీకు ఆ పని కూడా లేదు.

పెరుంగుడి_అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంకో విషయం, ఆయనకి సింగపూర్‌లో ఆఫర్ వచ్చింది, రెండు నెలల్లో వెళ్ళిపోతారు. పవర్ ఆఫ్ అటార్నీ వాళ్ళ తమ్ముడికి ఇచ్చి వెళ్తానంటున్నారు. దానివల్ల ఏమైనా మారుతుందా?

పారిస్ కార్నర్ వకీలు

మారుతుందమ్మా, చాలా మారుతుంది. ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక డబ్బు ఇస్తే, టీడీఎస్ పట్టి కట్టాల్సింది మీరు. అప్పుడు ఆ 50 లక్షల పరిమితి వర్తించదు. ఇండెక్సేషన్ ఎంచుకునే సౌకర్యం కూడా రెసిడెంట్లకే ఉంది, ఆయనకి పోతుంది. మీకు టీడీఎస్ కట్టే పని, ఆయనకి తక్కువ పట్టమని సర్టిఫికెట్, ఇలా ఒక తోక మొదలవుతుంది.

పవర్ ఇక్కడే రాసి రిజిస్టర్ చేసి వెళ్తే ఫర్వాలేదు. అక్కడికెళ్ళాక పంపితే అక్కడి భారత హైకమిషన్‌లోనో నోటరీ దగ్గరో అటెస్ట్ చేయించాలి, ఇక్కడికొచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. బ్యాంకులు అయితే పవర్ మీద వచ్చిన సంతకాలకి ఇంకో రౌండు లీగల్ ఒపీనియన్ అడుగుతాయి. నా సలహా ఒకటే, ఆయన విమానం ఎక్కకముందే మొదటి మోషన్, రిలీజ్ డీడ్, కొత్త లోన్ సంతకాలు అయిపోవాలి. రెండో మోషన్‌కి వీడియోలో హాజరు కావచ్చా అనేది జడ్జిని అడగొచ్చు.

పాత లోన్ ఆఫీసర్

అలా అయితే బ్యాంకు పని ఈ వారమే మొదలుపెట్టండి. పాత బ్యాంకుతో పాటు ఇంకో బ్యాంకులో కూడా ఒకేసారి అప్లై చేయండి, ఎవరు ముందు సాంక్షన్ లెటర్ ఇస్తే వాళ్ళు. అన్నిచోట్లా పెట్టకండి, సిబిల్‌లో ఎంక్వయిరీలు పేరుకుంటాయి.

బెంగళూరు బాబాయ్

దారి తప్పిస్తున్నానేమో, ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో మా మేనకోడలిది ఇదే కథ. కర్ణాటకలో 45 లక్షలు దాటిన సేల్‌కి స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌ఛార్జీ, 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 1 నుంచి 2 శాతం చేశారు, మొత్తం 7.6 దగ్గరికొచ్చింది. అదే భార్యాభర్తల మధ్య గిఫ్టు అయితే శాతం కాదు, కొన్ని వేల ఫిక్స్‌డ్ మొత్తం. కాబట్టి అక్కడైనా ఇక్కడైనా డిక్రీకి ముందే రాయించుకోవాలన్నది మారదు. మాకు అదనంగా ఈ-ఖాతా (కార్పొరేషన్ డిజిటల్ ఆస్తి రికార్డు) లేకపోతే రిజిస్ట్రేషనే కదలదు, అందులో ఇద్దరి పేర్లూ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

పెరుంగుడి_అమ్మాయి

కూర్చుని లెక్క వేశాను. రిలీజ్ డీడ్ 40 వేలు, ఎంఓడీటీ 25 వేలు, బ్యాంకు ఫీజులు, డాక్యుమెంట్ రైటర్, లాయర్ వేరే. కారు లోన్ మూసేసి, పీఎఫ్‌లోంచి కొంత తీసి, నాన్నగారు కొంత ఇస్తానన్నారు, 15 అలా సర్దుతా. ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను, సంతకాలన్నీ వెళ్ళేముందే పెడతానన్నారు. సోమవారం ఎన్ఓసీకి ఈమెయిల్ పెడుతున్నా. కరెంటు మీటరు, కార్పొరేషన్ ఇంటి పన్ను కూడా ఆయన పేరునే ఉన్నాయి, వాటికి కూడా ఇప్పుడే ఏమైనా చేయాలా?

కడపక్క

వాటికి తొందరలేదు చెల్లీ. రిజిస్టరైన రిలీజ్ డీడ్ కాపీ పెట్టి తర్వాత అప్లై చేస్తే పేరు మారుతుంది, ఖర్చు తక్కువే. కానీ సొసైటీలో మెంబర్ పేరు మాత్రం డీడ్ అయిన వెంటనే మార్పించు, లేకపోతే మెయింటెనెన్స్ రసీదులు, మీటింగ్ నోటీసులు అన్నీ ఆయన ఈమెయిల్‌కే పోతుంటాయి. ఇంకా హోమ్ లోన్‌తో పాటు అప్పట్లో ఇద్దరి పేరునా ఇన్సూరెన్స్ అంటగట్టారేమో చూడు, లోన్ మూసేటప్పుడు దాన్ని సరెండర్ చేస్తే కొంత వెనక్కి రావచ్చు. అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.